పిడుగు పడి ఇంట్లో అన్నీ పోయాయి, చేపలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?

లంకగాలి
మాది రాజోలు పక్క ఊరు. నిన్న సాయంత్రం వాన ఇంకా మొదలు కాలేదు, నాలుగు చినుకులు పడ్డాయంతే. పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. ఆ చెట్టుకీ మా గోడకీ మధ్య ఇరవై అడుగులు కూడా ఉండదు. చప్పుడుకి అమ్మ చేతిలో పళ్ళెం కింద పడిపోయింది. ఇంట్లోవాళ్ళందరం బాగానే ఉన్నాం, అది చాలు.

పోయినవి చెప్తాను. టీవీ, వైఫై డబ్బా, ఇన్వర్టరు, బోరు మోటారు స్టార్టరు (దగ్గరికెళ్తే కాలిన వాసన). ఫ్రిజ్ లైటు వెలుగుతోంది, కంప్రెసర్ తిరగట్లేదు. రెండు ఫ్యాన్లకి రెగ్యులేటర్ ఎక్కడ పెట్టినా ఫుల్ స్పీడే. టీవీ స్విచ్ ఆఫ్ చేసే ఉంది! మరి ఎలా పోయింది?

అసలు టెన్షన్ అక్వేరియం గురించి. నాలుగడుగుల ట్యాంకు, నీళ్ళు 250 లీటర్ల దాకా ఉంటాయి. క్యానిస్టర్ ఫిల్టరు, ఎయిర్ పంపు, లైటు మూడూ చచ్చాయి. ఏంజెల్స్ ఆరు, గౌరామీలు మూడు, టెట్రాలు డజను, సక్కర్ ఒకటి. పొద్దున లేచేసరికి ఏంజెల్స్ అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలో చెయ్యి పెట్టొద్దని అమ్మ ఒకటే గోల. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా ఏదో పోయిందట, కరెంటు సాయంత్రానికి గానీ రాదంటున్నారు.

గుప్పీ_గురు
ఫోన్ పక్కన పెట్టి మగ్గు తీసుకోండి. ట్యాంకులోంచి నీళ్ళు ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యండి. పది నిమిషాలు పోసి, అరగంట ఆగి మళ్ళీ. అది ఆపకండి.

దానికి ముందు అమ్మగారి మాట వినండి. ట్యాంకుకి సంబంధించిన ప్లగ్గులన్నీ సాకెట్లోంచి ఊడబీకాకే చెయ్యి పెట్టండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు.

మేత ఈరోజు వద్దు, రేపూ వద్దు. తిన్న చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పైగా అది వేసిన మలం నీళ్ళలోనే ఉంటుంది. రెండు రోజులు పస్తున్నా ఏమీ కాదు. మూత తీసేసి దోమతెర కప్పండి.

రొయ్యలరాజు
గౌరామీల గురించి బెంగ పెట్టుకోకండి, అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. ముందు పోయేవి ఏంజెల్సే.

మా చెరువుల్లో ఇది రోజూ ఉండే గొడవే. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పడుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నర. అదీ నీళ్ళు బాగా కదులుతుంటేనే. చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ మూడు మిల్లీగ్రాములకి దిగిందంటే రొయ్య గట్టు పక్కకి వచ్చేస్తుంది. నీళ్ళలోకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిన రాత్రి మేమెవ్వరం పడుకోం. మీ ఏంజెల్స్ ఇప్పుడు చేస్తున్నదీ అదే.

చేపపిల్లల్ని బళ్ళ మీద మోసుకెళ్ళేవాళ్ళ దగ్గర బ్యాటరీతో నడిచే చిన్న ఏరేటర్ ఉంటుంది. మీ ఊళ్ళో చేపల చెరువున్న వాళ్ళని అడగండి, ఒకరోజుకి ఇస్తారు.

అమలాపురం_అల్లుడు
ఆక్సిజన్ గుళికలని చెరువు మందుల షాపులో దొరుకుతాయిగా రాజుగారూ, ఓ గుప్పెడు వేస్తే పోలా?

రొయ్యలరాజు
పోలా అంటే, చేపలే పోతాయి అల్లుడుగారూ. ఆ గుళికలు ఎకరాల లెక్కన చల్లేవి. 250 లీటర్లకి గుప్పెడు వేస్తే మొప్పలు మాడిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతీ అంతే. డోసు తెలియని చోట మగ్గే మంచిది.

కాకినాడ_కాజా
ఇంత కష్టమెందుకు, పక్కన పంట కాలవ ఉందిగా. అందులో వదిలేస్తే పుణ్యం, పురుషార్థం.

డెల్టా_దేవి
దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. ఏంజెల్స్ బతకవు, సక్కర్ బతుకుతుంది. బతికి పిల్లల్ని పెడుతుంది. ఇలా ఎవరో వదిలిన సక్కర్లే ఇప్పుడు కాలవల్లో, చెరువుల్లో నిండిపోయాయి. వలలు చించుతున్నాయి, గట్లకి బొరియలు పెడుతున్నాయి. మావైపు వేటకెళ్ళేవాళ్ళు దాన్ని దెయ్యం చేప అంటారు. వలలో పడితే గట్టు మీదకి విసిరేసి తిట్టుకుంటారు.

కాకినాడ_కాజా
సరదాకన్నానండీ. ఇంత గట్టిగా తగులుతుందనుకోలేదు.

వైర్‌మన్_వీరన్న
చేపల సంగతి గురుగారు చూస్తారు, నేను ఇంటి సంగతి చెప్తాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనే నాది.

ముందు మెయిన్ దించెయ్యండి. సాయంత్రం కరెంటు వచ్చింది కదా అని వెంటనే వెయ్యకండి. లైన్‌లో న్యూట్రల్ తెగి ఉంటే 230 రావలసిన చోట 400 రావచ్చు, అప్పుడు మిగిలినవి కూడా పోతాయి. ఎవరిచేతైనా మీటర్ దగ్గర వోల్టేజీ చూపించండి. తర్వాత బోర్డు మూత విప్పి వైర్లు నల్లబడ్డాయా, ఎక్కడైనా కరిగిన వాసనుందా చూడమనండి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది. గోడ లోపల వైరు పొర చిట్లితే కంటికి కనపడదు, నెల తర్వాత ఎప్పుడో తడి తగిలినప్పుడు అంటుకుంటుంది.

ఫ్యాన్లు బాగానే ఉన్నాయి. పోయింది రెగ్యులేటర్లో ఉండే చిన్న ట్రయాక్. అది షార్టయితే ఫ్యాన్ ఫుల్‌గానే తిరుగుతుంది. రెగ్యులేటర్లు మారిస్తే సరిపోతుంది.

ఇక టీవీ ఆఫ్ చేసి ఉన్నా ఎందుకు పోయిందన్నారు. స్విచ్ కోసేది ఫేజ్ ఒక్కదాన్నే. న్యూట్రల్ అలాగే ఉంటుంది, ఎర్త్ అలాగే ఉంటుంది, వెనక కేబుల్ వైరు అలాగే ఉంటుంది. అయినా మేఘం నుంచి కిందికి కిలోమీటర్లు దూకి వచ్చినదానికి స్విచ్‌లో ఉండే మూడు మిల్లీమీటర్ల సందు ఒక లెక్కా?

మీ ఇంటి మీద పడలేదు కాబట్టి ఇంకో మాట. చెట్టు మీద పడిన కరెంటు వేళ్ళ దగ్గర నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. మీ ఎర్త్ గొయ్యి ఎటువైపు ఉంది?

లంకగాలి
అమ్మో. ఆ చెట్టు వైపే. ప్రహరీకి ఆనుకుని.

వైర్‌మన్_వీరన్న
అదిగో. అక్కడ నేల వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేచింది. ఎర్త్ వైరు పట్టుకుని మీ ఇంట్లోకి ఎదురొచ్చింది. మామూలుగా మనం ఎర్త్ అంటే ఇంట్లోది నేలలోకి పోయే దారి అనుకుంటాం. పిడుగు రోజున నేలలోది ఇంట్లోకి కూడా వస్తుంది.

పాలకొల్లు_పాప
చేపలు ఎలా ఉన్నాయో చెప్పండి ముందు, ఎర్త్ గొయ్యి ఎక్కడికీ పోదు.

లంకగాలి
మగ్గుతో నేనూ అమ్మా వంతులేసుకుని పోస్తున్నాం. ఏంజెల్స్ కొంచెం కిందికి దిగాయి. పక్క వీధిలో చెరువుల కౌలుదారు ఒకాయన బ్యాటరీ ఏరేటర్ ఇస్తానన్నాడు, తమ్ముడు తేవడానికి వెళ్ళాడు. రాజుగారికి దండాలు.

ఇంకో అనుమానం. కరెంటు వచ్చాక క్యానిస్టర్ ఒకసారి పెట్టి చూద్దామా? బహుశా అడాప్టరే పోయిందేమో.

గుప్పీ_గురు
వద్దు వద్దు. రెండు కారణాలు.

ఒకటి, క్యానిస్టర్ మూసి ఉన్న డబ్బా. నీళ్ళు ఆగిన కొన్ని గంటలకే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, మంచి బ్యాక్టీరియా చస్తుంది, మురుగు తయారవుతుంది. అలాగే ఆన్ చేస్తే ఆ మురుగంతా ఒక్క దెబ్బకి ట్యాంకులోకి. నిన్నటి పిడుగుకి బతికిన చేప ఈ దెబ్బకి పోతుంది. ఇప్పుడే విప్పండి. స్పాంజీ, సిరామిక్ ముక్కలు ట్యాంకు నీళ్ళలోనే జాడించండి, కుళాయి నీళ్ళు తగలనివ్వకండి. వలసంచిలో వేసి ట్యాంకులో వేలాడదీసి, ఏరేటర్ రాయి దాని కింద పెట్టండి. అదే మీ ఫిల్టర్ ప్రస్తుతానికి.

రెండోది వీరన్నగారు చెప్తారు.

వైర్‌మన్_వీరన్న
పిడుగు తగిలిన పంపు తిరగొచ్చు కూడా. తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. లోపల చుట్ట మీద పొర పోతే కరెంటు నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళలో ఉండే ప్రతి వస్తువుకీ ఇది వర్తిస్తుంది. హీటర్ ఉంటే మరీనూ. దాని లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఆగకుండా కాగుతూనే ఉంటుంది, చేపల పులుసే.

అమలాపురం_అల్లుడు
రాజోల్లో హీటరెవరు పెడతారండీ, మే నెలలో మనమే ఉడుకుతుంటే.

వైర్‌మన్_వీరన్న
పెట్టినవాళ్ళని చూశాను కాబట్టే చెప్పాను.

పంపు చూడాలంటే ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో ఎర్త్ వైరు కొస ముంచి, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) ఉన్న సాకెట్లో పెట్టి చూడాలి. చెయ్యి దూరంగా. ఆర్‌సీసీబీ కొట్టేసిందంటే ఆ పంపు పాత ఇనుముకి వెయ్యండి. మామూలు ఎంసీబీ దీనికి పనికిరాదు. అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు.

పాలకొల్లు_పాప
నీళ్ళలో కరెంటుంటే మరి చేపలకి షాక్ కొట్టదా? బతికే ఉంటాయా?

వైర్‌మన్_వీరన్న
వైరు మీద కూర్చున్న పిచ్చుకకి కొడుతుందా? నీళ్ళూ చేపా ఒకే వోల్టేజీలో ఉంటే చేపగుండా కరెంటు పారదు. మనం నేల మీద నిలబడి చెయ్యి పెడతాం చూడండి, అప్పుడు దారి దొరుకుతుంది. చేపలు హాయిగా తిరుగుతున్నాయి కాబట్టి నీళ్ళు మంచివే అనుకోవడం పెద్ద పొరపాటు.

అమలాపురం_అల్లుడు
అయితే ఓ రాగి తీగ ట్యాంకులో వేసి ఎర్త్‌కి కలిపేస్తే?

గుప్పీ_గురు
రాగి నీళ్ళలో కరిగితే చేపకీ రొయ్యకీ విషం అల్లుడుగారూ. అందుకోసం టైటానియం కడ్డీలు వేరే ఉంటాయి. ఆర్‌సీసీబీ లేకుండా అది కూడా పెట్టకూడదు. మీరు ఈ రోజు ఏ ట్యాంకు దగ్గరికీ వెళ్ళకండి.

అమలాపురం_అల్లుడు
మా ఇంట్లో ట్యాంకే లేదండీ, సంబరపడకండి. ఉన్నదల్లా మెయిన్‌కి పెద్ద స్టెబిలైజర్. పన్నెండేళ్ళయింది, ఒక్క బల్బు పోలేదు. లంకగాలిగారూ, ముందది కొనండి. మిగతాదంతా చాదస్తం.

వైర్‌మన్_వీరన్న
స్టెబిలైజర్ చేసేది 170 వస్తే 220 చెయ్యడం, 260 వస్తే తగ్గించడం. లోపల రిలే కదలడానికే మిల్లీసెకన్లు పడుతుంది. పిడుగు సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ, మైక్రోసెకన్లలో వచ్చి వెళ్ళిపోతుంది, స్టెబిలైజర్ నిద్ర లేచేలోపు. మీకు పన్నెండేళ్ళు ఏమీ కాలేదంటే దగ్గర్లో పడలేదని అర్థం. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటే ఇదే.

నరసాపురం_లేసు
ఆ సామెతలో ఉన్నది పిడుగు కాదండీ, పిడక. పిడక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా అని. పిడకలూ బియ్యమూ రెండూ వంటింటి సామాన్లు.

కాకినాడ_కాజా
మా తాతగారు పిడుగనే అనేవారు. అర్జునా ఫల్గుణా అని పిడుగుకి మంత్రముంది కదా. పిడక్కి మంత్రమేమిటి, దండకమా?

నరసాపురం_లేసు
అందుకే అది వెటకారం. పిడక్కి మంత్రమేమిటనే సామెత పుట్టింది.

పాలకొల్లు_పాప
ఇక్కడ చేపలు ఊపిరాడక చస్తుంటే వ్యాకరణం!

లంకగాలి
ఏరేటర్ వచ్చింది. బుడగలొస్తున్నాయి. మా ఇంట్లో ఇప్పుడు కరెంటున్నది చేపలకొక్కదానికే.

ఒక ఏంజెల్ పోయింది. పొద్దుటి నుంచీ పక్కకి ఒరిగే ఉంది అది. మిగతావి పర్వాలేదు.

గుప్పీ_గురు
అయ్యో. దాన్ని వెంటనే తీసేశారు కదా? ఉంచితే కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది.

అసలు జాగ్రత్త ఈ వారమంతా ఉండాలి. ఫిల్టర్ బ్యాక్టీరియా సగం పోయి ఉంటుంది, కాబట్టి అమ్మోనియా రేపూ ఎల్లుండీ లేస్తుంది. చాలామంది మొదటి రోజు గట్టెక్కాం అనుకుని మేత వేసేసి నాలుగో రోజు చేపల్ని పోగొట్టుకుంటారు. రోజు విడిచి రోజు నాలుగోవంతు నీళ్ళు మార్చండి. బోరు నీళ్ళయితే బకెట్లో పట్టి కొన్ని గంటలు బుడగలు కొట్టించాకే పొయ్యండి, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ ఉండదు. పంచాయతీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వెయ్యాలి.

లంకగాలి
బోరు మోటారే పోయిందిగా గురూగారూ. కుళాయి నీళ్ళే గతి. చుక్కలున్నాయి.

బీమా_బాబాయ్
ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా బాబూ?

లంకగాలి
ఉందండి. ఇంటి లోనుతో పాటు కట్టించారు. ఇచ్చినాయన అప్పట్లో పిడుగుకి కూడా కవర్ అన్నాడు. పొద్దున ఫోన్ చేస్తే టీవీకి రాదంటున్నాడు. అదేం లెక్క?

బీమా_బాబాయ్
రెండూ నిజమే, అదే తంటా. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకి భారత్ గృహ రక్ష అనే ఒకే మాదిరి పాలసీ అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఇస్తున్నాయి. అందులో అగ్నిప్రమాదం, తుఫాను, వరదతో పాటు పిడుగూ ఉంది. గోడ పగిలినా, కప్పు ఎగిరినా, ఇల్లు అంటుకున్నా వస్తుంది. కానీ మినహాయింపుల జాబితాలో ఒక వాక్యం ఉంటుంది. కరెంటు వస్తువులో ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ లాంటి వాటివల్ల ఆ వస్తువుకే జరిగిన నష్టం ఇవ్వరు, కారణం పిడుగైనా సరే. టీవీ నుంచి మంట లేచి పక్కనున్న బీరువా కాలితే బీరువాకి ఇస్తారు, టీవీకి ఇవ్వరు. ఎలక్ట్రానిక్ వస్తువులకి విడిగా కవర్ తీసుకోవాలి.

అయినా క్లెయిమ్ వెయ్యకుండా వదిలెయ్యకండి. గోడ మీద పగుళ్ళున్నాయా, వైరింగ్ పోయిందా చూడండి. కాలిన బోర్డులు పారెయ్యొద్దు. చెట్టు, గోడ, స్టార్టరు అన్నీ ఫొటోలు తీయండి. రిపేరు చేసినవాడితో కారణం రాయించి సంతకం తీసుకోండి. కంపెనీకి కబురు వెంటనే పెట్టండి, పండగెళ్ళాక అంటే ఒప్పుకోరు.

కాకినాడ_కాజా
ఏంజెల్‌కి?

బీమా_బాబాయ్
ఏంజెల్‌కి రాదు నాయనా.

నరసాపురం_లేసు
ఆ కొబ్బరిచెట్టు సంగతి పక్కింటివాళ్ళకి చెప్పండి. మాకు ఐదేళ్ళ కిందట తోటలో పడింది. పడిన చెట్టు రెండు రోజుల్లో మట్టలు వేలాడేసి వారంలో పోయింది. మేం ఒక్క చెట్టే కదా అనుకున్నాం. నెల తిరిగేసరికి చుట్టూ ఉన్న మరో నాలుగింటి కాండం మీద చీలికలు, అందులోంచి ఎర్రటి రసం. ఆ వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి మిగతా చెట్ల మొవ్వుల్లో దూరింది. చచ్చినది వెంటనే కొట్టించి తోటలోంచి బయటికి పంపెయ్యాలి. పైగా మీ గోడ పక్కనే అంటున్నారు, ఎండిన మాను గాలికి ఎటు పడుతుందో.

డెల్టా_దేవి
ఆ చెట్టు అడ్డుపడింది కాబట్టే ఇల్లు బతికింది. ఇంటి పక్కన ఎత్తు చెట్టుంటే అదే అరెస్టర్ అని మా నాన్నగారు అనేవారు.

వైర్‌మన్_వీరన్న
నాన్నగారి మీద గౌరవంతోనే కాదంటున్నానమ్మా. చెట్టు మంచి వాహకం కాదు. సగం దారి దిగాక పక్కన ఇంకా తేలిక దారి కనిపిస్తే, అంటే డిష్ యాంటెన్నా, ఇనుప కిటికీ, మనిషి, ఏదైనా సరే, అక్కడికి దూకుతుంది. వానలో చెట్టు కింద నిలబడి పోయేవాళ్ళలో చాలామంది అలాగే పోతున్నారు.

అరెస్టర్ అంటే మేడ మీద కడ్డీ, అక్కడి నుంచి మలుపుల్లేకుండా కిందికి పట్టీ, దానికి సొంత ఎర్త్. అది పిడుగుని లాగదు, పడేదాన్ని దారిలో పెడుతుంది. ఈమధ్య ఒక్క కడ్డీ చుట్టూ వందల అడుగుల మేర కాపాడుతుందని గొడుగు బొమ్మ గీసి అమ్ముతున్నారు. మన దేశపు ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305లో ఆ రకానికి చోటు లేదు. కొనే ముందు ఆ నంబరు అడగండి, మొహం మారిపోతుంది.

మామూలు ఇంటికి కడ్డీ కంటే ముందు కావలసింది బోర్డులో ఎస్‌పీడీ. సర్జ్ వచ్చినప్పుడు దాన్ని ఎర్త్‌లోకి మళ్ళించే చిన్న డబ్బా. టైప్ 2 పెట్టించండి. కడ్డీ కూడా పెట్టిస్తే మెయిన్ దగ్గర టైప్ 1 ఉండాలి. దానికి వెళ్ళే వైర్లు అరమీటరు దాటకూడదు. చుట్టలు చుట్టి పొడుగ్గా వదిలేస్తే పెట్టీ దండగ. దాని మీద చిన్న కిటికీ ఉంటుంది, ఎర్రబడితే మార్చాలి.

మన నేలలో ఇంకో సంగతి. డెల్టాలో ఎక్కడ తవ్వినా తడి, సముద్రం వైపు ఉప్పు, కాబట్టి ఎర్త్ రీడింగ్ మొదట్లో బ్రహ్మాండంగా వస్తుంది. అదే ఉప్పు జీఐ పైపుని కొన్నేళ్ళకే తినేస్తుంది. పైన క్లాంపు మెరుస్తూ ఉంటుంది, కింద పైపు ఉండదు. ఏడాదికోసారి రీడింగ్ తీయించండి. రాగి పూత కడ్డీ వేస్తే ఎక్కువ కాలం వస్తుంది. ఇంటికి రెండు మూడు గోతులుంటే అన్నీ ఒకదానికొకటి కలిపి ఉండాలి, విడివిడిగా వదిలేస్తే వాటి మధ్య తేడాకే వస్తువులు పోతాయి.

అమలాపురం_అల్లుడు
ఇవన్నీ పెడితే ఇక ప్లగ్ పీకక్కర్లేదు కదా?

వైర్‌మన్_వీరన్న
పీకాలి. వీధి చివర పడితే ఎస్‌పీడీ ఆపుతుంది. పక్కింటి చెట్టు మీద పడితే ఏం ఆపుతుందో చెప్పలేను. సాకెట్లోంచి బయటికొచ్చిన ప్లగ్గు ఒక్కటే నేను హామీ ఇవ్వగలిగింది. కేబుల్ వైరూ పీకాలి, ల్యాన్ వైరూ పీకాలి.

రొయ్యలరాజు
అక్వేరియం ప్లగ్గు పీకితే మళ్ళీ మొదటికే. పిడుగుకి భయపడి పీకి, మర్చిపోయి పడుకుంటే తెల్లారేసరికి చేపలు తేలతాయి.

గుప్పీ_గురు
అందుకే ఆ రెంటికీ మధ్య దారి ఒకటి పెట్టుకోవాలి. నేను వాడేది యూఎస్‌బీ ఎయిర్ పంపు, పవర్ బ్యాంకు మీద. పంపు ఒక వాట్ తింటుంది, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక రోజంతా లాగుతుంది. మబ్బు పట్టగానే మెయిన్ ప్లగ్గు పీకి ఇది పెట్టేస్తాను.

పాలకొల్లు_పాప
నేనూ అలాగే పెట్టి మోసపోయాను. కొన్ని పవర్ బ్యాంకులు, మరీ తక్కువ కరెంటు తీసుకుంటుంటే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. అర్ధరాత్రి ఆగింది, పొద్దున మూడు మాలీలు పోయాయి. కొన్నాక ఒక రాత్రి ఊరికే నడిపి చూసుకోండి.

ఇంకోటి, పంపు ట్యాంకు కంటే కింద పెడితే ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. పంపు ఆగగానే నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు మీదకి. వైర్లు కూడా సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి, కారిన చుక్క కిందే రాలిపోతుంది.

గుప్పీ_గురు
ఆ పవర్ బ్యాంకు సంగతి నాకు తెలియదు. నాది అదృష్టవశాత్తూ ఆగలేదు. థ్యాంక్స్ పాపగారూ.

కాకినాడ_కాజా
మబ్బు పట్టగానే అంటే ఎప్పుడు? మే నెలలో రోజూ సాయంత్రం మబ్బే.

డెల్టా_దేవి
దామిని యాప్ పెట్టుకోండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే చెప్తుంది. రాష్ట్ర విపత్తుల సంస్థ నుంచి ఫోన్‌కి మెసేజీలు కూడా వస్తాయి, చాలామంది ప్రకటనలనుకుని చెరిపేస్తారు. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయని ఆ సంస్థే చెప్పింది. పేపర్లో ఆ అంకె చూసినప్పటి నుంచి నేను మెసేజీలు చదువుతున్నాను.

యాప్ లేకపోతే లెక్కే. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్ఫై సెకన్ల లోపు ఉరుము వచ్చిందంటే లోపలికి రావాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఆ అరగంటా కుళాయి, షవరు, ట్యాంకు, ఏవీ ముట్టుకోకూడదు. ప్లగ్గులు పీకడం కూడా ఉరుము దూరంగా ఉండగానే. నెత్తి మీదకి వచ్చాక పోతే వస్తువే పోనివ్వండి.

నరసాపురం_లేసు
మా నాయనమ్మ ఉరుము వినగానే గునపం తెచ్చి వాకిట్లో పడేసేది. పిడుగు ఇనుము మీద పడి పోతుందని. పిల్లలం ఆ గునపం వంకే చూస్తూ కూర్చునేవాళ్ళం, ఒక్కసారీ పడలేదు.

వైర్‌మన్_వీరన్న
గునపం తెచ్చేటప్పుడు ఆవిడ వాకిట్లో ఉన్నారు చూడండి, అదీ అసలు భయం.

లంకగాలి
తొమ్మిది రోజులయింది, చెప్పి వెళ్దామని వచ్చాను.

న్యూట్రల్ బాగానే ఉంది. మెగ్గర్ పరీక్షలో హాలు లైను పోయిందని తేలింది, ఆ గోడలో వైర్లు మార్చారు. దానికీ స్టార్టరుకీ క్లెయిమ్ వేశాను, సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకెళ్ళాడు. వైరింగ్‌కి వస్తుందేమో అన్నాడు, టీవీకి తల అడ్డంగా ఊపాడు. ఫ్రిజ్‌కి బోర్డు మారిస్తే సరిపోయింది. ఫ్యాన్లకి వీరన్నగారు చెప్పినట్టే రెగ్యులేటర్లు. ఎర్త్ గొయ్యి తవ్వితే, నిజంగానే కింద పైపు లేదు, తుప్పు ముద్ద! కొత్తది ఇంటికి అటువైపు వేయించాం. ఎస్‌పీడీ, ట్యాంకు సాకెట్‌కి ఆర్‌సీసీబీ పెట్టించాను. పాత క్యానిస్టర్‌ని బకెట్లో పెట్టి చూస్తే ఆర్‌సీసీబీ టక్కున కొట్టేసింది. అంటే ఆరోజు నేను దాన్ని ట్యాంకుకి తగిలించి నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంటే... సరే.

ఐదు ఏంజెల్స్, మూడు గౌరామీలు, సక్కర్ ఉన్నాయి. టెట్రాలు నాలుగో రోజున మూడు పోయాయి. గురుగారు చెప్పినా అమ్మ జాలిపడి చిటికెడు మేత వేసింది.

రొయ్యలరాజు
ఏరేటర్ తిరిగిచ్చేశారా?

లంకగాలి
ఇచ్చాను రాజుగారూ, ఒక కొబ్బరి గెలతో సహా. పిడుగు పడిన చెట్టుది కాదు లెండి.

పాలకొల్లు_పాప
అమ్మగారికి ఇప్పుడు ధైర్యం వచ్చిందా?

లంకగాలి
అమ్మ ఇప్పుడు ఆకాశంలో తెల్ల మబ్బు కనపడినా ప్లగ్గులన్నీ పీకేస్తోంది. నిన్న నాన్న క్రికెట్ చూస్తుంటే ఆఖరి ఓవర్లో పీకింది. బయట ఎండ మండిపోతోంది.

అమలాపురం_అల్లుడు
ఎస్‌పీడీ పేరూ నంబరూ కొంచెం పంపండి. మా ఇంట్లో అడుగుతున్నారు.

వైర్‌మన్_వీరన్న
స్టెబిలైజర్ ఉందిగా అల్లుడుగారూ!